నీడ ఎవరిది?

ఆకుపచ్చ తెర ముందు నిలబడ్డ మనిషిని వీడియోలోంచి విడదీసి ఇంకోచోట నిలబెట్టడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. ఒకప్పుడు సినిమా స్టూడియోలకే సాధ్యమైన ఈ పని, డావించి రిజాల్వ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఎలా చెయ్యాలో తెలిసిపోయాక మిగిలేది, ఎప్పుడు చెయ్యొచ్చన్న ప్రశ్న.

ముందు అందులో జరిగేదేమిటో చెప్తాను. ఏ రంగు తీసెయ్యాలో మనం చూపిస్తాం. సాఫ్ట్‌వేర్ బొమ్మలోని ప్రతి చుక్కకీ ఒక అంకె వేస్తుంది. సున్నా అయితే తెర, ఒకటి అయితే మనిషి. ఆకుపచ్చే ఎందుకంటే, అది మన ఒంటి రంగుకి దూరం. పైగా మామూలు డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఎరుపుకీ నీలానికీ ఒక్కో గడి ఉంటే ఆకుపచ్చకి రెండుంటాయి. కొడాక్‌లో బ్రైస్ బేయర్ 1970లలో వేసిన అమరిక అది. చిక్కంతా అంచుల దగ్గరే. జుట్టు కొసన ఒకే చుక్కలో కొంత వెంట్రుక, కొంత తెర ఉంటాయి. దానికి పాయింట్ నాలుగో, పాయింట్ ఆరో వెయ్యాలి. తెర మీంచి తిరిగొచ్చిన వెలుగు చెంపల మీదా భుజాల మీదా ఆకుపచ్చగా అంటుకుంటుంది. దాన్ని విడిగా వదిలించాలి. మనిషి ఎక్కడ ఆగి పరిసరం ఎక్కడ మొదలవుతుందో కంప్యూటర్‌కీ కచ్చితంగా తెలీదు. దేశం మారిన మనకి ఇది కొత్త సంగతేం కాదనుకోండి!

2020 మార్చిలో ఇండియాకి మామూలు విమానాలు ఆగిపోయాయి. ఆ జులైలో, ఇక్కడ న్యూజెర్సీలో నాకు తమ్ముడిలాంటి కుర్రాడొకడు చెల్లెలి పెళ్లిని టీవీలో చూశాడు. లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాల్సింది తోడబుట్టినవాడు. ఇతను లేడు కనక బాబాయి కొడుకు పోశాడు. పెళ్లి వీడియో చేతికొచ్చాక నా దగ్గరికి తెచ్చాడు. "ఆ ఒక్క నిమిషం నన్నక్కడ నిలబెట్టన్నా. అమ్మ సంతోషిస్తుంది. ఎవరికి నష్టం?" అన్నాడు.

మా బేస్‌మెంట్‌లో ఆకుపచ్చ గుడ్డ కట్టి, పట్టుపంచెతో నిలబెట్టి తీశాను. పంచెకి ఆకుపచ్చ అంచు ఉండటంతో తెరతోపాటు అదీ మాయమైంది. పంచె మార్చి మళ్లీ తీశాం. అయినా మనిషి గాల్లో తేలుతున్నట్టే ఉన్నాడు. మండపంలో అందరి నీడలూ కుడివైపు పడుతుంటే ఇతనికి నీడే లేదు. దాన్ని విడిగా తయారుచేసి కాళ్లకి తగిలించాలి.

భారతంలో దమయంతీ స్వయంవరం గుర్తుంది కదా. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుగురూ నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. ఆమె ప్రార్థిస్తే తమ గుర్తులు బయటపెట్టారు. వాళ్లకి చెమట లేదు, రెప్ప పడదు, పూలదండ వాడదు, పాదాలు నేలకి ఆనవు, నీడ లేదు. దుమ్మూ చెమటా ఉన్నవాడు, నీడ ఉన్నవాడు నలుడు. ఒకచోట నిజంగా ఉండటానికి మనిషి చెల్లించే సుంకాలు ఇవి. చెల్లించకుండానే రసీదు పుట్టించే పని నేను చేస్తున్నానా అనిపించింది.

అతని ప్రశ్న తీసిపారేసేది కాదు. తల్లి సంతోషం చిన్న విషయమా? "మాయాబజార్" సంగతేమిటి మరి? 1957లో కంప్యూటర్ లేకుండానే మార్కస్ బార్ట్లీ కెమెరాతో అన్ని మాయలు చూపిస్తే మనం మోసపోయామని ఎవరూ అనలేదు. నిజమే, కానీ అక్కడ టిక్కెట్టు కొన్నదే మాయ కోసం. ఆఫీసు మీటింగులో వెనక సముద్రం పెట్టుకున్నా ఎవరూ నమ్మరు. చూపించేవాడికీ చూసేవాడికీ సంగతి తెలిసే ఉంటుంది. పెళ్లి వీడియో అలాంటిది కాదు. ఇవాళ ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల తరవాత చెప్పేవాళ్లుండరు, వీడియో మాత్రమే ఉంటుంది.

ఇంకో మాట. ఇతన్ని అక్కడ నిలబెట్టాలంటే పేలాలు పోసిన కుర్రాణ్ణి కప్పెయ్యాలి. పెళ్లికి యాభైమందికి మించకూడదన్న రోజుల్లో, మాస్కు కట్టుకుని, భయపడుతూనే వచ్చి అన్నగారి పని చేసినవాడతను. నష్టం ఎవరికన్న ప్రశ్నకి జవాబు ఆ ఫ్రేములోనే ఉంది.

ఆ మాటే చెప్పాను. అతను చాలాసేపు తెరవంకే చూసి, "వద్దులే అన్నా. రేపు మేనకోడలు పుడితే, మావయ్య రాలేకపోయాడనీ, చిన్నమావయ్య నిలబడ్డాడనీ తెలియాలి కదా. అదీ మా ఇంటి కథే" అన్నాడు. పేలాలు పొయ్యటం అయిపోయాక, అతను టీవీ ముందు కూర్చుని అక్షింతలు వేస్తున్న ఫోన్ వీడియోని, తేదీతో, ఊరి పేరుతో చేర్చాం. వాళ్లమ్మగారు వచ్చినవాళ్లందరికీ అదే చూపిస్తారట.

ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డ కూడా అక్కర్లేదు, ఫోనే మనిషిని విడదీసి ఇస్తుంది. పాఠాలకీ, నాటకాలకీ, పిల్లల ఆటలకీ హాయిగా వాడుకుందాం. ఎవరో నిజంగా నిలబడ్డ చోట మనం ఉన్నట్టు చూపించబోయేముందు మాత్రం, అక్కడ పడిన నీడ ఎవరిదో ఒకసారి చూసుకోవాలి.