ఆదా అయిన గంట ఎవరిది?

ఉప్పలగుప్తం వంటి కోనసీమ గ్రామాల నుంచి డిగ్రీ పుచ్చుకొని హైదరాబాదు చేరే యువకుల ముందు ఈనాడొక వృత్తి వుంది. దానికి సరైన తెలుగు పేరింకా కుదరలేదు. ఆఫీసులో పని జరిగే తీరును గమనించి, అక్కరలేని అంచెలు తీసివేసి, అదే పనిని తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో జరిపించడం ఆ వృత్తి. 1986లో మోటరోలా కంపెనీలో పుట్టిన ‘సిక్స్ సిగ్మా’ను 1995 నుంచి జనరల్ ఎలక్ట్రిక్ నెత్తికెత్తుకున్నది. ఆ కంపెనీ నుంచి విడివడిన జెన్‌పాక్ట్ వంటి సంస్థలతో అది హైదరాబాదుకూ వచ్చింది. పదిలక్షల అవకాశాలలో తప్పులు 3.4కు మించరాదన్నది దాని ఆదర్శం. కరాటేలో లాగే గ్రీన్ బెల్టు, బ్లాక్ బెల్టు వున్నాయి. బెల్టు రంగుతోపాటు జీతమూ మారుతుంది.

ఈ వృత్తిలో పైకి రావడం తప్పా అని విద్యార్థులు అడుగుతారు. తప్పని వొక్క మాటలో కొట్టివేయడం సులువు గాని న్యాయం కాదు. వృథా శ్రమలో పుణ్యమేమీ లేదు. మన తోటల్లో కొబ్బరి ఒలిచే కార్మికుణ్ణి చూడండి. నేలలో పాతిన గునపం మొనపై కాయను గుచ్చి, రెండు మూడు విరుపులలో డొక్క విడదీస్తాడు. ఆ చేతిలో అనవసరమైన కదలిక కనబడదు. కూలి కాయల లెక్కన గనుక ఆ నేర్పును తానే సంపాదించుకున్నాడు. పనిని మెరుగుపరచడం నిపుణులు కనిపెట్టిన విద్య కాదు. పనిచేసేవాడు తరతరాలుగా చేస్తున్నదే.

మరి ఫ్రెడరిక్ టేలరు తెచ్చిన కొత్తదనమేమిటి? ఆ నేర్పును కార్మికుని చేతినుంచి తీసి యాజమాన్యం కాగితం మీదికి ఎక్కించడం. 1899లో బెత్లెహాం ఉక్కు కర్మాగారంలో రోజుకు 12.5 టన్నుల ఇనుప దిమ్మెలు మోసేవాని చేత 47.5 టన్నులు మోయించానని టేలరు 1911లో వెలువడిన తన గ్రంథంలో చెప్పుకున్నాడు. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85కు పెరిగింది. పని దాదాపు నాలుగింతలు. కూలిలో పెరుగుదల నూటికి అరవై. ఈ కథనాన్ని చరిత్రకారులు తరువాత శంకించారు. శంకించనీయండి, గర్వంగా చాటుకోదగినదని ఆయన ఎంచుకున్న నిష్పత్తి ఇది అన్నదే మనకు ముఖ్యం.

ఈ విషయంలో మనవాళ్ళు లెనిన్‌ను తలచి ఊరుకుంటారు. 1913లో ఆయన ఈ పద్ధతిని చెమటపిండే శాస్త్రంగా ఎండగట్టాడు. 1918లో అందులోని శాస్త్రీయాంశాన్ని సోవియట్ రాజ్యం నేర్చుకోవాలన్నాడు. యజమాని మారితే పద్ధతి నిర్దోషమౌతుందని దీనికి భాష్యం చెబుతారు. నాకది చాలదు. ఆలోచించేవాడొకడు, చేసేవాడొకడు అన్న విభజన పద్ధతి కడుపులోనే వుంది. హారీ బ్రేవర్మన్ 1974లో ఎత్తిచూపినదిదే. యజమాని మారినా ఆ విభజన దానంతట అది పోదు.

ఆఫీసులో ఇదెలా నడుస్తుందో చూద్దాం. బిల్లుల విభాగంలోని గుమాస్తా దగ్గర మన యువకుడు కూర్చుంటాడు. ఆమె అంచె తరువాత అంచెగా తనకు తెలిసినదంతా నమ్మకంతో చెబుతుంది. నెల తిరిగేసరికి ముగ్గురు చేసే పని ఇద్దరికి సరిపోతుంది. నివేదికలో మిగిలిన రూపాయలకు గడి వుంది. తగ్గిన మనుషులకు ‘ఎఫ్.టి.ఇ.’ అనే మర్యాద పేరుతో మరొక గడి వుంది. ఆదా అయిన గంట ఆమెకు దక్కిందా అని అడిగే గడి మాత్రం లేదు. యువకుని బెల్టు మొదటి రెండు గడుల మీదే ఆధారపడుతుంది. అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. కొలబద్ద అట్లా వుంది.

ఆ కొలబద్ద ఎక్కడికి పోదో చూస్తే దాని స్వభావం ఇంకా తెలుస్తుంది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి తిరిగి రాకపోవడం, మురుగు కాలువలు సరిగా పారక చేలు మునగడం వారి ఫిర్యాదులలో వున్నవి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్ళీ పంట విరామం మాట వినబడింది. కాలువ ఎక్కడ పూడిందో రైతుకూ కూలీకీ తెలుసు; సమాచారానికి కొదవ లేదు. కాని కాలువ బాగైతే మిగిలే ధాన్యం వేలాది కౌలుదారుల, చిన్న రైతుల ఇళ్ళకు చెదిరిపోతుంది. ఏ వొక్క కంపెనీ ఖాతాలోనూ లాభంగా తేలదు. ఆ పనికి బ్లాక్ బెల్టు నిపుణుణ్ణి ఎవరూ నియమించరు.

అయితే ఆ ఉద్యోగంలో చేరినవాడు ఏం చేయాలి? కనీసం అడగబోయే ముందు, తన ప్రశ్నకు వచ్చే జవాబు దేనికి వాడబడుతుందో ఆమెకు చెప్పాలి. ఆమెకు కాదనే హక్కు వుండాలి. అట్లా చెబితే ఎవరు నోరు విప్పుతారు, సంస్థలు ఎట్లా నడుస్తాయి అంటారా? 1911లోనే అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచీ పట్టుకొచ్చినప్పుడు పోతపని కార్మికులు పని ఆపి బయటికి వచ్చారు. 1915లో అక్కడి కాంగ్రెసు సైనిక కర్మాగారాలలో అటువంటి కొలతలకు డబ్బు ఖర్చు పెట్టరాదన్నది. ఆ నిషేధం మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. అది అమలులో వుండగానే ఆ కర్మాగారాలు రెండు ప్రపంచ యుద్ధాలకు ఆయుధాలు తయారుచేశాయి.