తండ్రి నేర్పిన గూఢవిద్య

గూఢచారులను విరివిగా నియోగించమన్న కౌటిల్యుడే అర్థశాస్త్రంలో ఒక హద్దు గీశాడు. రాకుమారుని విధేయతను పరీక్షించేందుకు చారులచేత అతనికి పితృద్రోహం సూచింపజేయాలన్న ఆంభీయుల మతాన్ని ఆయన తిరస్కరించాడు. పక్వంకాని బుద్ధి విన్నదాన్నే శాస్త్రమని నమ్ముతుంది కనుక, ఎరుగని పాపాన్ని ఎరిగించరాదని ఆయన వాదం.

ఆ హద్దును కన్నతండ్రే దాటితే? రష్యాకు రహస్యాలమ్మి 1997లో శిక్షపడిన అమెరికా గూఢచార అధికారి హెరాల్డ్ నికల్సన్, కారాగారంలో తనను చూడవచ్చిన కుమారునికే ఆ మెలకువలు నేర్పి, 2006-2008 మధ్య రష్యన్ల వద్దకు పంపాడు. 2010లో న్యాయస్థానం కుమారుని జైలుకు పంపక 5 ఏళ్ల పర్యవేక్షణలో ఉంచింది. 2011లో తండ్రికి మరో 8 ఏళ్ల శిక్ష విధించింది.

వారసులకు వృత్తి నేర్పడం దోషం కాదు. అయితే గూఢవిద్యకు తొలిపాఠం అపనమ్మకం. తండ్రిని నమ్మి దాన్ని అభ్యసించే బిడ్డకు కాదనే స్వేచ్ఛ ఉండదు. ఆ నమ్మకాన్ని పనిముట్టుగా వాడుకున్న అపరాధం నేర్పినవానిదే.