ఉద్యోగార్థుల ఎంపిక – కాయక ధర్మము

హైదరాబాదు నగరమున ఇద్దరు మిత్రులు తాము కూడబెట్టిన ధనముతో ఒక చిన్న సంస్థను స్థాపించిరని ఊహింపవచ్చును. చిల్లర దుకాణదారులు తమ జమాఖర్చులను సెల్‌ఫోనులో వ్రాసికొనుటకు తగిన సాధనమును తయారుచేయుట వారి వ్యాపారము. పనిచేయువారు ఐదుగురే. దుకాణదారుల సందేహములు తీర్చుటకు ఆరవ వ్యక్తి కావలెనని ప్రకటింపగా మూడు వందల దరఖాస్తులు వచ్చినవి. స్థానము ఒకటి, ఆశించువారు మూడు వందలు. ఒకరిని స్వీకరించుట సులభమే. తక్కినవారిని ఏ న్యాయమున త్రోసిపుచ్చవలెననునదే ప్రశ్న.

వేయిమంది పనిచేయు సంస్థలో ఒక ఎంపిక తప్పినను నష్టము అంతగా కానరాదు. ఆరుగురున్నచోట అదే తప్పు ఆరవ వంతు బలమును హరించును. కావున చిన్న యజమాని భయపడును. భయము అడ్డదారులను వెదకును. ప్రసిద్ధ కళాశాల పేరు, మార్కుల శాతము, ఇంటిపేరు, బంధువుల సిఫారసు, ఇవియే ఆ అడ్డదారులు. “తెలిసినవాడైనచో మోసగింపడు” అని అతడు తన్ను తాను సమాధానపరచుకొనును. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. ఐదుగురున్నచోట డబ్బుపెట్టె తాళపుచెవి అందరికిని అందుబాటులో నుండును. కాని తెలిసిన ముఖము వేరు, తెలిసిన నడవడి వేరు.

ఈ అడ్డదారి ఎచటికి చేర్చునో 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ అను పరిశోధకులు ప్రకటించిన అధ్యయనము తేటపరచినది. భారతదేశపు ఆంగ్ల దినపత్రికలలోని ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానార్హతలు గల దరఖాస్తులను, పేర్లు మాత్రము మార్చి, పంపిరి. అగ్రవర్ణ హిందువుల పేర్లున్న వాటికంటె దళితుల, ముస్లిముల పేర్లున్న వాటికి పిలుపులు తక్కువగా వచ్చినవి. పనితనమును చూడక మునుపే పేరు తీర్పు చెప్పినదన్నమాట.

ఇది అన్యాయము మాత్రమే కాదు, అవివేకము కూడ. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనువారు 85 ఏండ్ల పరిశోధనలను క్రోడీకరించి, చదివిన సంవత్సరముల సంఖ్య రానున్న పనితనమును గూర్చి చాల కొద్దిగా మాత్రమే తెలుపునని చూపిరి. 2022లో పాల్ సాకెట్ ప్రభృతులు ఆ లెక్కలను సవరించినప్పుడు, అందరిని ఒకే ప్రశ్నలడిగి ఒకే కొలతతో తూచు మౌఖిక పరీక్ష మొదటి స్థానమున నిలిచినది. పనికి సంబంధించిన జ్ఞానమును, పనినే పరీక్షించు పద్ధతులును ముందువరుసలోనే యున్నవి.

కావున చిన్న సంస్థకు మార్గమిది. ప్రకటనకు ముందే ఆ పనికి కావలసిన గుణములను నాలుగైదింటిని కాగితముపై వ్రాసికొనవలెను. ఆపై పేరును, ఛాయాచిత్రమును మరుగుపరచి, అందరికిని ఒకే చిన్న ప్రశ్న పంపవలెను: “లెక్కలో 180 రూపాయలు తేడా వచ్చినదని దుకాణదారుడొకడు రాత్రివేళ కోపముతో ఫోను చేసినాడు. అతనికేమి చెప్పుదురు?” అరగంటలో వ్రాయదగిన జవాబది. ఓపిక గలవారెవరో, లెక్క తెలిసినవారెవరో అందులోనే చాలవరకు తెలియును. పిదప పదిమందిని పిలిచి, ఒకే ప్రశ్నలను ఒకే వరుసలో అడిగి, పరీక్షకులు ఒకరితో నొకరు మాటలాడుకొనక మునుపే వేర్వేరుగా మార్కులు వేయవలెను. చివరకు మిగిలిన ఇద్దరిచేత ఒక పూట నిజమైన పని చేయించి చూడవలెను. దానికి కూలి యీయవలెను.

కూలి విషయమున ఆయ్దక్కి లక్కమ్మ కథ స్మరణీయము. భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, ఆమె వాటిని తిరిగి పోసి రమ్మనెనని శరణుల చరిత్రలు చెప్పును. పరీక్ష యను పేరుతో ఉచితముగ పని చేయించుకొనుట పరుల గింజలను ఇంటికి మోసికొనుటయే.

ఇక నమ్మకము మాట. అభ్యర్థి పూర్వము పనిచేసిన చోట, అతని అనుమతితో, విచారింపవచ్చును. మొదటి కొన్ని నెలలు బాధ్యతలను మెట్టుమెట్టుగా అప్పగింపవచ్చును. ఈ చోటనే మఠములకును, సమాజపు పెద్దలకును ఒక కర్తవ్యము కలదు. “ఈ కుర్రవాడు మనవాడు” అని వ్రాయు సిఫారసు సాక్ష్యము కాదు. “ఇతడు రెండేండ్లు దాసోహపు లెక్కలు వ్రాసెను, ఒక్క పైసయు తప్పలేదు” అనునది సాక్ష్యము. మొదటిది పుట్టుకను చెప్పును. రెండవది కాయకమును చెప్పును.

బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించినవాడు. లెక్కల విలువ ఎరిగినవాడు. ఆయన కాలపు శరణులలో పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, త్రాళ్ళు పేను చందయ్య ఉండిరి. వారికి గౌరవము కాయకమువలనను, భక్తివలనను కలిగినదే గాని వంశమువలన కాదు. “మనవాడు” అను మాటను బసవన్న విశాలమొనర్చెను. దానిని మరల ఇంటిపేరుకు కుదించుట ఆయన పేరు చెప్పుకొనువారికి తగదు. సమాజపు బిడ్డలకు మేలు చేయదలచినవారు పని నేర్పి పంపవలెను గాని సిఫారసు చీటి చేతికిచ్చి పంపరాదు.

ఎంపిక ముగిసిన పిమ్మట ఇంకొక ఋణము మిగులును. ఎంపిక కాని 299 మందికిని రెండు వాక్యముల జవాబు వ్రాయవలెను. ఎదురుచూచువానిని ఎదురుచూపులోనే విడిచివేయుట అన్నిటికంటె సులభమైన అన్యాయము. స్థానమును ఒకరికే ఇయ్యగలరు. మర్యాదను మూడు వందల మందికిని ఇయ్యవచ్చును.