అహింసావ్రతము – దేహధర్మము

ప్రాణిహింస లేని భోజనము ఉత్తమమని మన దేశమున వాదించి నిరూపింపవలసిన పని లేదు. దానిని ఆచరింపనివారు సైతము గౌరవింతురు. కాని ఈ కాలమున ఆ విచారణ ఒక అడుగు ముందుకు సాగినది. మాంసమును, చేపను, గ్రుడ్డును విడిచిన మాత్రమున చాలునా? దూడకు చెందవలసిన పాలను మనము పితుకుకొని త్రాగుట హింస కాదా? అని అడుగు యువకులు నేడు మన యిండ్లలోనే కనబడుచున్నారు. పాలు, పెరుగు, నేయి, తేనె కూడ వర్జించు ఈ మార్గమునకు వీగన్ అను పేరు 1944లో ఇంగ్లండునందు పుట్టినది. ప్రశ్న మాత్రము మనకు క్రొత్తది కాదు.

ఇంటి పెద్దలు దీనికి చెప్పు సమాధానము ఒక్కటే: "పాలు మానినచో బలమెక్కడిది నాయనా?" ఈ మాటను చాదస్తమని త్రోసివేయరాదు, దానితో విచారణ ముగిసినదనియు తలపరాదు. ఇందు రెండు ప్రశ్నలు ముడివడియున్నవి. పాలు లేని భోజనమున దేహమునకు వలసిన మాంసకృత్తులు లభించునా అనునది శాస్త్రమునకు చెందినది. అవి లభించునట్లు శ్రద్ధ వహింపకయే వ్రతము పట్టుట అహింస యగునా అనునది ధర్మమునకు చెందినది.

మొదటిదానిని ముందు చూతము. మాంసకృత్తులు అమైనో ఆమ్లములచే నిర్మితములు. వానిలో తొమ్మిదింటిని మన దేహము తానుగా చేసికొనజాలదు, ఆహారమునుండియే గ్రహింపవలెను. ఆ తొమ్మిదియు తగిన పాళ్లలో నున్న మాంసకృత్తును సంపూర్ణమందురు. పాలయందు అవి చక్కగా అమరియున్నవి. బియ్యమునందు లైసిన్ కొరత. పప్పులయందు మెథియోనిన్ కొరత. అయితే బియ్యమునకు కొరవడినది పప్పులో సమృద్ధిగా నున్నది. పప్పునకు కొరవడినది బియ్యములో నున్నది. కనుక ఒకదాని లోటును మరియొకటి తీర్చును. సోయా చిక్కుడు గింజ యొక్కటియే ఇంచుమించు సంపూర్ణము.

ఈ సంగతిని ప్రయోగశాల చెప్పకమునుపే మన వంటశాల ఆచరించినది. తెలుగు సీమకు వెలుపల స్థిరపడిన మనము ఆయా ప్రాంతముల రుచులను అలవరచుకొంటిమి. కోలారు, బెంగుళూరు వైపువారు రాగిముద్దకు ఉలవచారును జతచేసిరి. తమిళనాట ఇడ్డెనులకు సాంబారు తోడైనది. గంజాము, కోరాపుట్ వైపువారు పప్పును కూరగాయలతో ఉడికించు దాల్మాను ఎరుగుదురు. మహారాష్ట్రమున మన బొబ్బట్టునకు పూరణ్‌పోళీ తోబుట్టువు. ఊరు మారినది, పేరు మారినది. ధాన్యమునకు పప్పు తోడుండుట మాత్రము మారలేదు. ఈ రెండును ఒకే పూట తినవలెనని ఫ్రాన్సెస్ మూర్ లాపే అను అమెరికా రచయిత్రి 1971లో వ్రాసి, 1981 నాటి కూర్పులో అంత నిర్బంధము అక్కరలేదని సవరించుకొనెను. దినము మొత్తముమీద రెండును అందిన చాలును.

ఇక పరిమాణము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ననుసరించి, ఎదిగినవారికి దేహభారమున కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మేలిరకపు మాంసకృత్తులు వలెను. 60 కిలోల మనుష్యునకు ఇది సుమారు 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యము, 100 గ్రాముల కందిపప్పు, 30 గ్రాముల వేరుసెనగపప్పు కలిసినచో ఇంచుమించు ఆ లెక్క సరిపోవును. శాకజములైన మాంసకృత్తులు కొంత తక్కువగా జీర్ణమగును గనుక, పైన గుప్పెడు సెనగలో సోయా గింజలో చేర్చుట మేలు.

కాని అంత పప్పు ఎందరి విస్తళ్లలో పడుచున్నది? పలుచని చారు, ఊరగాయ, చివర మజ్జిగ: ఇదియే అనేకుల భోజనము. ఇన్నాళ్లు ఆ లోటును కొంతవరకైనను కప్పినవి పెరుగు, మజ్జిగలే. పెరుగును తీసివేసి పప్పును పెంచనివాడు వ్రతము పట్టుటలేదు, పస్తుండుచున్నాడు. అంతేకాక, రక్తమునకు, నరములకు అవసరమైన బి12 విటమిన్ మొక్కలనుండి నమ్మదగినంతగా లభింపదు. పాలు మానినవారు దానిని మాత్ర రూపమున గాని, అది చేర్చిన ఆహారము ద్వారా గాని విధిగా తీసికొనవలెను.

ఇక ధర్మప్రశ్న. గాంధీమహాత్ముడు 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రమున మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలు విడిచెను. ఆ క్షేత్రవాసులలో గుజరాతీయులు, తమిళులతోపాటు ఆంధ్రులును ఉండిరి. అచట శాకాహారమే వండవలెనని ఆయన కోరిక. అయినను మాంసము తిను అలవాటుగల క్రైస్తవులను, మహమ్మదీయులను అడిగి, వారి సమ్మతి గైకొనిన పిమ్మటనే అట్లు చేసెను. 1918లో ఖేడా జిల్లాలో పర్యటించుచు ఆయన జబ్బుపడి మృత్యుముఖమునకు చేరెను. పాలు లేనిదే దేహము కోలుకొనదని వైద్యుడు చెప్పెను. వ్రతము అడ్డుపడెను. మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబా అడుగగా ఆయన లొంగెను. వ్రతము పట్టినపుడు మనసులో నున్నవి ఆవుపాలు, గేదెపాలే గనుక అక్షరము నిలిచినది. ఆత్మ మాత్రము నశించినదని ఆత్మకథలో తానే బాధతో వ్రాసికొనెను.

ఈ వృత్తాంతమును కొందరు వ్రతభంగమునకు సాకుగా చెప్పుదురు. కొందరు హేళన చేయుదురు. మాకు తోచునది వేరు. ఆయన ఆ పరీక్ష తన దేహముపైననే చేసికొనెను. ఇతరుల వంతు వచ్చినపుడు వారి సమ్మతి నడిగెను. ఆయనకు నేటి జ్ఞానము అందుబాటులో లేదు. ఆయన కన్నుమూసిన 1948లోనే బి12 విటమిన్ తొలిసారి వేరుపరుపబడినది. నేడు తెలిసికొనదలచినవారికి అన్నియు తెలియును. కనుక తెలియక చేసిన తపస్సునకు గల మన్నన, తెలిసికొనక చేయు తపస్సునకు చెల్లదు.

పెద్దవాడు తన వ్రతమునకు తన దేహమును మూల్యముగా పెట్టవచ్చును. పసిబిడ్డకు ఆ స్వేచ్ఛ లేదు. అడిగి సమ్మతి గైకొనుటకును వీలులేదు. బిడ్డ కడుపు చిన్నది, ఎదుగుదల పెద్దది. గర్భిణి సంగతియు అట్టిదే. బిడ్డకు పాలు మాన్పు తల్లిదండ్రులు పప్పు, నువ్వులు, వేరుసెనగ, సోయా ఎంతెంత పెట్టవలెనో వైద్యుని అడిగి తెలిసికొనిన పిమ్మటనే ఆ పనికి పూనుకొనవలెను. దూడయందు దయ చూపి బిడ్డను మరచుట దయ కాజాలదు.

మరియొక మాట. పాలు కొనలేక, పప్పు కొనలేక ఊరగాయతో అన్నము తినువారు మన పేటలలోనే ఉన్నారు. వారి విస్తరిలోను జంతుసంబంధమైనది ఏదియు లేదు. కాని దానిని వ్రతమని ఎవ్వరును అనరు. కలవాడు విడుచుట త్యాగము, లేనివాడు తినకుండుట లేమి. అహింసను భోజనమున వెదకువాడు ఈ లేమిని చూడకుండ పోరాదు.

పాలు విడువదలచినవారిని మేము వారింపము. వారి ప్రశ్న న్యాయమైనది. మనలో అనేకులు దానికి సరియైన సమాధానము చెప్పలేకయే పాలు త్రాగుచున్నాము. వారిని ఒక్కటి మాత్రము కోరుదుము: పాలగిన్నెను దించిన చోట పప్పుగిన్నెను ఉంచవలెను. వీలైనచో పొరుగింటి పిల్లల విస్తరిలోను ఒక గరిటె వడ్డింపవలెను.