ఆపినవాడి రుణం

నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాత హైదరాబాదీలు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. గడ్డిఅన్నారం, సైదాబాద్, మలక్‌పేట వైపు పెద్దవాళ్ళ నోట్లో ఆ మాట ఎంతగా నలిగిపోయిందంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ ఆలోచించరు. అది క్వారంటైన్. ఇటలీ రేవుల భాషలో నలభై అనే అంకె నుంచి పుట్టింది. ప్లేగు రోజుల్లో రేవుకు వచ్చిన ఓడను, అందులోని మనుషులను నలభై రోజులు దూరంగా నిలబెట్టేవారు. అంతకు ముందే, 1377లో, ఇప్పటి దుబ్రోవ్‌నిక్ పట్నంవాళ్ళు ముప్పై రోజుల గడువుతో ఈ పద్ధతి మొదలుపెట్టారు. మన జనం ఆ మాటను కోరంటి చేసుకుని, పక్కన దవాఖాన అని చేర్చారు. రేవులో కోరంటి అంటే ఆపడం. నల్లకుంటలో కోరంటి అంటే మంచం, మందు, వేళకు ఇంత అన్నం. 2020 నుంచి 2023 దాకా విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో ప్రయాణికులకు పెట్టిన పరీక్షల నియమాలను ధర్మం దృష్టితో తూచాలంటే ఈ రెండో మాట దగ్గరే మొదలుపెట్టాలి. గుమ్మంలో మనిషిని ఆపే హక్కు ఊరికి ఉందా? ఉందనే అంటాను. కానీ ఆపిన క్షణం నుంచి ఆ మనిషి బాగోగులు ఆపినవాడి మీద రుణంగా పడతాయి. ఆ రుణం తీర్చనివాడికి ఆపే హక్కు కూడా లేదు.

ఇది ఎక్కడి నుంచో తెచ్చుకున్న నీతి కాదు, మన ఇళ్ళలో ఉన్నదే. పిల్లకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కడతారు. దాన్ని చూసిన బయటివాళ్ళు లోపలికి అడుగు పెట్టరు. లోపల మాత్రం పక్క మీద వేపాకు పరిచి, పలచటి బట్ట కప్పి, చల్లటి మజ్జిగన్నం పెట్టి, ఆ పిల్లను తల్లీ అనే పిలుస్తారు. పొక్కులు మాడాక వేపాకు వేసిన పసుపునీళ్ళు పోస్తారు, కొమ్మ తీసేస్తారు. అంతటితో సరి. చావు మైల కూడా అంతే. ఆ ఇంటివాళ్ళు గుడికి వెళ్ళరు, శుభకార్యాలకు వెళ్ళరు. కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి బంధువులో ఇరుగుపొరుగో అన్నం వండి పంపుతారు. లెక్కపెట్టిన రోజులు కాగానే మైల తీరుతుంది. ఈ రెండు ఆచారాల్లోనూ దూరం ఉంది, దూరానికి గడువుంది, దూరంగా ఉన్నవాళ్ళకు అన్నం పంపే చెయ్యి ఉంది. ఇదే సమాజం అంటరానితనం పేరుతో ఇంకో దూరాన్ని కూడా పాటించింది. దానికి గడువు లేదు. దానికి రోగంతో పని లేదు, పుట్టుక చాలు. అవతలివాడు ఆకలితో ఉన్నాడా అని అడిగే పనీ లేదు. శౌచం, మడి అనే ఒకే మాటల చాటున ఈ రెండు రకాల దూరాలూ కలిసి బతికాయి. మడిని సమర్థించేవాళ్ళూ దాన్ని అసహ్యించుకునేవాళ్ళూ వీటిని విడదీసి చూడకపోవడం వల్లనే, కరోనా రాగానే కొందరు మన మడే గొప్పదని గర్వపడ్డారు. వేపకొమ్మను చూసి గర్వపడవచ్చు. రెండోదాన్ని చూసి తల దించుకోవాలి.

ఈ కొలతతో చూస్తే, పరీక్ష అనేది స్వభావరీత్యా వేపకొమ్మ వైపుదే. ముక్కులోకి ఒక పుల్ల పోతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఒక కాగితం వస్తుంది. ప్రయాణానికి 72 గంటల లోపు తీసుకున్న ఆర్‌టీ-పీసీఆర్ నెగటివ్ రిపోర్టు ఎయిర్ సువిధ పోర్టల్‌లో పెట్టాలన్న నియమం కులాన్ని అడగలేదు. నెగటివ్‌కూ పాజిటివ్‌కూ రెండింటికీ గడువుంది. ఏ మనిషి మీదా అది శాశ్వతమైన ముద్ర వెయ్యదు. ఇందులో నాకు ఒక ఆధ్యాత్మిక విలువ కూడా కనిపిస్తుంది. నేను శుద్ధుణ్ణి, అవతలివాడు మలినం అనే అహంకారానికి ఈ పరీక్షలో చోటు లేదు. మంత్రిగారి ముక్కూ మేస్త్రీ ముక్కూ ఒకటే. నాకు తెలియకుండానే నేను ఇంకొకరికి హాని మోసుకుపోతూ ఉండవచ్చు అన్న ఎరుక, ఎన్ని ప్రవచనాలు విన్నా అంత సులువుగా రాదు.

అయితే నియమం స్వభావం ఒకటి, దాన్ని వాడిన తీరు ఒకటి. 2020 మార్చిలో విదేశాల నుంచి దిగినవాళ్ళ చేతి మీద కొన్ని రాష్ట్రాల్లో చెరగని సిరాతో ముద్ర వేశారు. ఓటేసినప్పుడు వేలికి రాసే సిరా అది, పౌరుడి గౌరవానికి గుర్తు. అదే సిరా మణికట్టు మీద కనిపించినవాళ్ళను రైళ్ళలోంచి దింపేశారు. ఇళ్ళ తలుపులకు కాగితాలు అంటించారు. కాగితం కూడా వేపకొమ్మ లాంటిదే కదా అనవచ్చు. కాదు. కొమ్మ కట్టేది ఇంటివాళ్ళు, కాగితం అంటించేది బయటివాళ్ళు. ఆ కాగితంతో పాటు బియ్యమూ పాలూ కూరలూ ఎవరు తెచ్చిస్తారన్నది చాలాచోట్ల ఎవరూ రాయలేదు. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా అలా పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంకా ఘోరం ముస్లిం మత బృందమైన తబ్లీగీ జమాత్ విషయంలో జరిగింది. రోగాన్ని వెతకాల్సిన చోట మతాన్ని వెతికారు. విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులను అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువులను చేశారని తేల్చింది. గడువున్న దూరం గడువులేని దూరంగా మారడానికి ఎంతో సమయం పట్టదు.

ఇది ఇప్పుడే చూస్తున్న సంగతి కాదు. 1896 డిసెంబరు 18న కోర్లాండ్, నాదేరీ అనే రెండు ఓడలు బొంబాయి వైపు నుంచి డర్బన్ రేవు ముందు లంగరు వేశాయి. బొంబాయిలో ప్లేగు ఉంది, నిజమే. ఓడల్లో మాత్రం రోగి ఒక్కడూ లేడు. అయినా గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 23 రోజులు సముద్రం మీదే నిలిపారు. తిరిగి వెళ్ళిపోతే టికెట్ డబ్బులిస్తామని ఒడ్డున ఉన్న తెల్లవాళ్ళు ఆశ పెట్టారు, లేకపోతే నీళ్ళలో తోస్తామని బెదిరించారు. కోర్లాండ్‌లో ఉన్న ఒక న్యాయవాది, భార్యాపిల్లలతో వస్తున్నవాడు, మోహన్‌దాస్ గాంధీ. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడితే, ఆ రోగిని ఉంచింది ఆయన పేరున్న సికింద్రాబాద్ ఆసుపత్రిలోనే. మహమ్మారి భయాన్ని జాతి ద్వేషానికి ముసుగుగా వేస్తే ఎలా ఉంటుందో ఓడ మీద అనుభవించిన మనిషి పేరు ఆ గేటు మీద ఉందన్నది ఆ రోజుల్లో ఎందరికి తట్టిందో గాని, తట్టాల్సిన విషయం.

ఓడల సంగతికే వస్తే, 2020 ఫిబ్రవరి మనకు రెండు ఉదాహరణలు పక్కపక్కనే పెట్టింది. యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను జపాన్ ఆపింది. అందులో 3,711 మంది. ప్రయాణికులను గదుల్లో ఉండమన్నారు. మరి వాళ్ళకు భోజనం ఎవరు అందించాలి? ఓడ సిబ్బందే. ఇరుకు గదుల్లో కలిసి పడుకుంటూ, వంటశాలలో వండుతూ, తలుపు తలుపుకూ పళ్ళేలు మోశారు. ఓడలో ఉన్న 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. చివరికి 712 మందికి రోగం సోకింది. ఆ ఓడను ఆపడం తప్పని నేననను. కానీ ఆపినప్పుడు అందరినీ ఆపలేదు. టికెట్ కొన్నవాళ్ళను ఆపి, జీతగాళ్ళను తిరగనిచ్చారు. పోషణ భారం ఆపిన దేశం పూర్తిగా ఎత్తుకోకపోతే అది ఓడలో అందరికంటే కిందివాడి నెత్తిన పడుతుంది, వాడి నుంచి రోగం మళ్ళీ పైకి పాకుతుంది. అదే నెలలో వెస్టర్‌డామ్ అనే ఇంకో ఓడను తైవాన్, జపాన్, ఫిలిప్పీన్స్, గువామ్, థాయ్‌లాండ్ వరసగా వద్దన్నాయి. పరీక్షించి వద్దనలేదు, పరీక్షించకుండానే వద్దన్నాయి. ఫిబ్రవరి 13న ఆ ఓడను రానిచ్చింది కంబోడియా, ఆ ఆరింటిలో అన్నిటికంటే పేద దేశం. ఆ ఓడలో రోగం లేదని తర్వాత తేలింది. అతిథిని దేవుడిగా చూడమని తైత్తిరీయోపనిషత్తులో గురువు శిష్యుడికి చెప్పే మాటను మన పర్యాటక శాఖ ప్రచారానికి వాడుకుంటుంది. దాన్ని ఆ నెలలో ఆచరించినవాళ్ళు సిహనూక్‌విల్ రేవులో ఉన్నారు.

ఇక డబ్బు. ధర్మచర్చలో డబ్బు లెక్క తేవడం కొందరికి నచ్చదు. నా దృష్టిలో ధర్మం తేలేదే అక్కడ. 2020 మే 7న వందే భారత్ మిషన్ మొదలైంది. మే 24 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం విదేశాల నుంచి వచ్చినవాళ్ళు ఏడు రోజులు సొంత ఖర్చుతో బయట క్వారంటైన్‌లో, తర్వాత ఏడు రోజులు ఇంట్లో ఉండాలి. ఈ ఒక్క వాక్యం అందరికీ ఒకటే. కానీ అమెరికాలో కొడుకు దగ్గరి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు తిరిగొచ్చే తల్లిదండ్రులకు అది చిరాకు. దుబాయిలో పని పోయి, టికెట్‌కే అప్పు చేసి జగిత్యాలకో నిజామాబాద్‌కో తిరిగొచ్చే కూలీకి అది శిక్ష. ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో 40వ అధికరణం ఉంది. ప్రజారోగ్యం కోసం చేసే పరీక్షకు, వేరుగా ఉంచినందుకు ప్రయాణికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని అది చెబుతుంది. కొత్త దేశంలో నివాసానికి వెళ్ళేవాళ్ళ విషయంలోనే మినహాయింపు. సొంత ఊరికి తిరిగొచ్చేవాడు ఆ మినహాయింపులోకి రాడు. మన దేశమూ అందులో భాగస్వామే. 2021 చివర ఒమిక్రాన్ వచ్చినప్పుడు ముప్పు జాబితాలో లేని దేశాల నుంచి వచ్చేవాళ్ళలో కొందరిని ఎంచి పరీక్షించారు, ఆ ఖర్చు పౌర విమానయాన శాఖే పెట్టుకుంది. అంటే తలుచుకుంటే చేయగలమన్నమాట.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. అన్నిటికంటే పాతది: రాసిపెట్టి ఉన్నదాన్ని పరీక్షలు ఆపుతాయా, ఇదంతా దైవం మీద నమ్మకం లేకపోవడం కాదా? దీనికి ఇస్లాం చరిత్రలో గొప్ప సమాధానం ఉంది. ఖలీఫా ఉమర్ సిరియాకు వెళుతూ అక్కడ మహమ్మారి ఉందని దారిలో విని వెనుదిరిగితే, దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా అడిగాడు. ఒక దైవనిర్ణయం నుంచి ఇంకో దైవనిర్ణయంలోకే వెళుతున్నామని ఉమర్ జవాబు. మన కర్మ సిద్ధాంతంలోనూ దీనికి తోవ ఉంది. నాకు రోగం రావడం నా ప్రారబ్ధం అనుకుందాం. నా నుంచి పక్క సీటువాడికి పోవడం ప్రారబ్ధం కాదు, ఇప్పుడు నేను మూటగట్టుకుంటున్న ఆగామి. తన విషయంలో వేదాంతం మాట్లాడవచ్చు, పక్కవాడి విషయంలో జాగ్రత్తే వేదాంతం.

రెండో అభ్యంతరం బలమైనది. పరీక్ష తప్పుతుంది. ఇవాళ నెగటివ్ వచ్చినవాడు ఎల్లుండి పాజిటివ్ కావచ్చు. 2022 జనవరిలో ముంబై నుంచి గోవా వచ్చిన కార్డేలియా ఓడలో ఒక ఉద్యోగికి పాజిటివ్ రాగా అందరినీ పరీక్షిస్తే 66 మంది తేలారు. అలాంటప్పుడు ఇది కూడా ఒక తంతే కదా? నియమం తన హద్దు తాను ఒప్పుకున్నంత కాలం తంతు కాదు. జల్లెడలో కొన్ని రాళ్ళు దిగుతాయని తెలిసీ బియ్యం జల్లిస్తాం. కారణం పోయాక కూడా నిలిచిన నియమమే తంతు. 2023 జనవరి 1 నుంచి చైనా, జపాన్ వంటి కొన్ని దేశాలవాళ్ళకు మళ్ళీ నెగటివ్ రిపోర్టు తప్పనిసరి చేసినప్పుడు, భయపెట్టిన బీఎఫ్.7 రకం అప్పటికే మన దేశంలో ఉంది. వేపకొమ్మ ఎండిపోయాక గుమ్మానికి ఇంకా వేలాడడం లాంటిది ఇది. ఫిబ్రవరి మధ్యకల్లా దాన్ని తీసేయడం మంచి పని.

విలాసానికి ఓడెక్కినవాడి ఖర్చు మనం ఎందుకు భరించాలి అనేవాళ్ళున్నారు. విలాసానికి వెళ్ళినవాడు ఇస్తానంటే తీసుకోండి, కాదనను. ప్రభుత్వానికి అంత స్తోమత లేదు అనేదాన్నే నేను ఒప్పుకోను. స్తోమత లేకపోతే నియమాన్ని స్తోమతకు తగ్గట్టు కుదించుకోవాలి. పదిమందికే అన్నం పెట్టగలిగితే పదిమందినే ఆపాలి, ముప్పు ఎక్కువున్న పదిమందిని. వెయ్యిమందిని ఆపి పదిమందికి పెట్టడం జాగ్రత్త కాదు.

గడ్డిఅన్నారానికి ఇది బయటి దేశాల ముచ్చట కాదు. 2020 వేసవిలో, మామిడి ముమ్మరంగా దిగే రోజుల్లో, జనం గుమిగూడకుండా ఇక్కడి పండ్ల మార్కెట్‌లోని మామిడి వ్యాపారాన్ని కోహెడకు తరలించారు. గడ్డి పరిచిన లారీల్లో కాయ తెచ్చే రైతును, దింపే హమాలీని, కొనే వ్యాపారిని ఊరి గుమ్మం అవతల ఆపారు. కారణం న్యాయమైనదే. వాళ్ళ తల మీద వేసింది మాత్రం తాత్కాలిక రేకుల పందిరి. మే మొదటి వారంలో గాలివానకు ఆ రేకులు కూలి మనుషులకు దెబ్బలు తగిలాయి. తర్వాత ఆ మార్కెట్ మొత్తంగా ఇక్కడి నుంచి కదిలి బాటసింగారం చేరింది. ఖాళీ అయిన స్థలంలో 2022 ఏప్రిల్ 26న టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఇంకో మహమ్మారి వచ్చి శంషాబాద్‌లో దిగిన ప్రయాణికులను ఆపాల్సి వస్తే, చాంద్రాయణగుట్ట మీదుగా వాళ్ళను తెచ్చి ఉంచగలిగినంత దూరంలోనే ఆ స్థలం ఉంది. ఆ రోజు కోసం అక్కడ కొన్ని మంచాలను ఇప్పుడే పక్కన పెట్టి, వాటి మీద పడుకోబోయేవాళ్ళ పరీక్షకూ పూట భోజనానికీ అయ్యే ఖర్చును ప్రయాణికుడి పేరు కింద కాకుండా ప్రభుత్వ పద్దు కింద ముందే రాసిపెట్టుకోవాలి.