ఇవ్వకపోవడాన్ని ఏ పద్దులో రాయాలి?

2023లో ఇథియోపియా ఉత్తరాన, యుద్ధంలో నలిగిపోయిన తిగ్రాయ్ ప్రాంతంలో, ఆకలితో ఉన్నవాళ్ళ కోసం పంపిన గోధుమలు బజార్లో అమ్మకానికి కనిపించాయి. ఇళ్ళకు చేరాల్సిన ధాన్యం పిండిమిల్లులకు చేరుతోందని తేలింది. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్, ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం ముందు తిగ్రాయ్‌కి, జూన్‌లో దేశమంతటికీ ఆహార సాయం ఆపేశాయి. దేశమంతటికీ అంటే అక్కడ తలదాచుకున్న శరణార్థులకు కూడా. దక్షిణ సూడాన్, సోమాలియా, ఎరిత్రియాల నుంచి వచ్చినవాళ్ళు అప్పటికే తొమ్మిది లక్షల దాకా ఉన్నారు. ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలవడంతో కొత్తవాళ్ళు సరిహద్దు దాటి వస్తూనే ఉన్నారు. శరణార్థులకు తిండి గింజలు మళ్ళీ రావడం అక్టోబరులో మొదలైంది. మిగతా దేశానికి ఇంకా ఆలస్యంగా.

డబ్బు కాపలా కాసేవాడి కళ్ళతో చూస్తే ఈ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. దొంగతనం రుజువైంది. పంపిణీ ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో సరిగా తెలియదు. పన్ను కట్టినవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. ఆ కుర్చీలో మనం ఉన్నా బహుశా అదే కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నారని ఇక్కణ్ణించి వెక్కిరించడం తేలిక. నన్ను తొలిచే ప్రశ్న వేరే. పోయిన గోధుమల విలువ కట్టడానికి పరిశోధకులున్నారు, నివేదికలున్నాయి, శిక్షలున్నాయి. ఆగిపోయిన గోధుమల విలువ ఎవరు కట్టారు? ఆ నెలల్లో తిగ్రాయ్ నుంచి ఆకలి చావుల వార్తలు వచ్చాయి. అవి వార్తలుగానే ఉండిపోయాయి, ఎవరి లెక్కల పుస్తకంలోనూ నష్టంగా ఎక్కలేదు.

సహాయరంగంలో కాస్త పెద్ద సంస్థ ఏదైనా సరే, దాని దగ్గర రిస్క్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది. గళ్ళు గీసిన పట్టిక. ఏం జరగవచ్చు, జరిగే అవకాశం ఎంత, జరిగితే దెబ్బ ఎంత అని అంకెలు వేసి, రెండింటినీ హెచ్చవేసి, ఫలితాన్ని బట్టి ఎరుపో పసుపో పచ్చో రంగు పూస్తారు. మోసం, నిధుల మళ్ళింపు, మారకపు రేటు పడిపోవడం, సరఫరాదారు చేతులెత్తేయడం, నిషేధిత జాబితాలో ఉన్నవాళ్ళకు పొరపాటున సొమ్ము చేరడం, సంస్థకు చెడ్డపేరు రావడం. ఒక్కొక్క గడీ చదివి, ముప్పు ఎవరికి అని అడిగి చూడండి. దాదాపు ప్రతిసారీ సంస్థకే. శరణార్థికి వచ్చే ముప్పు ఉన్నా, అది చివరికి మన పేరు పోతుందేమోనన్న భయంగా మారి కనిపిస్తుంది.

ఈ ముప్పు ఒకచోట నిలవదు, కిందికి జారుతుంది. దాత దేశం ఐరాస సంస్థతో, ఆ సంస్థ అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థతో, అది స్థానిక సంఘంతో ఒప్పందం రాసుకుంటుంది. ప్రతి ఒప్పందంలోనూ సారం ఒకటే. లెక్క తేలకపోతే నువ్వే కట్టుకోవాలి. చివరి మెట్టు మీద నిలబడ్డ చిన్న సంఘానికి కిందికి తోయడానికి ఎవరూ ఉండరు. వాగు పొంగిన రోజున బియ్యం దాటించిన పడవవాడు మూడు కొటేషన్లు ఇవ్వడు, ముద్ర వేసిన రసీదూ ఇవ్వడు. ఆ ఖర్చు మీద ఏడాది తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తుంది. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా శిఖరాగ్ర సమావేశంలో దాతలూ పెద్ద సంస్థలూ కలిసి, 2020 నాటికి సాయంలో కనీసం పాతిక శాతం స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. అడిగితే, స్థానిక సంస్థలతో రిస్క్ ఎక్కువ అంటారు. ఆ రిస్క్ వాళ్ళ నెత్తిన పెట్టింది తామేనన్న సంగతి ఆ వాక్యంలో ఉండదు.

అలాగని కాపలా వద్దనే మనిషిని కాను. ఉగాండా సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనలేరు. శరణార్థుల్ని ఆదరించడంలో ప్రపంచానికి ఆదర్శం అనిపించుకున్న దేశం అది. పద్నాలుగు లక్షల మంది ఉన్నారని చెప్పేవారు. 2018లో లేని పేర్లు రాశారని, నమోదుకు శరణార్థుల దగ్గరే లంచాలు గుంజారని ఆరోపణలు వచ్చాయి. అధికారుల్ని పక్కన పెట్టారు, కొందరు దాతలు నిధులు బిగబట్టారు. ఐరాస శరణార్థి సంస్థతో కలిసి ప్రభుత్వం వేలిముద్రలతో, కనుపాపలతో మళ్ళీ లెక్కపెడితే తేలింది పదకొండు లక్షల చిల్లర. అక్కడి ఐరాస శరణార్థి సంస్థ కార్యాలయ లావాదేవీల మీద ఐరాస అంతర్గత ఆడిట్ కూడా తీవ్రమైన లోపాలు ఎత్తిచూపింది. లేనివాడి పేరున సంచి వెళ్ళిపోతే ఉన్నవాడి సంచి తగ్గుతుంది. లంచం ఇచ్చుకోలేని తల్లి పేరు అసలు జాబితాకే ఎక్కదు. ఆడిటర్ వచ్చేది ఆమె పక్షాన నిలబడటానికి కూడా. కాబట్టి నా గొడవ కాపలాతో కాదు, కాపలాదారు దేన్ని నష్టం అంటాడన్న దానితోనే.

ఇక్కడ కౌటిల్యుడు గుర్తొస్తాడు. ఖజానా సొమ్ము కాజేసే నలభై దారుల్ని అర్థశాస్త్రం రెండో అధికరణంలో ఏకరువు పెట్టాడాయన. మన ఉపన్యాసకులు దాన్ని అవినీతి మీద ఎత్తిపొడుపుగా వాడుకుంటారు గానీ, జాబితా పూర్తిగా చదివేవాళ్ళు తక్కువ. ఒకరికిచ్చి ఇంకొకరి పేరు రాయడం, కొంచెం ఇచ్చి ఎక్కువని రాయడం అందులో ఉన్నాయి. ఉగాండాని ఆయన గుర్తుపట్టేవాడు. వాటి పక్కనే ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం, ఇవ్వాల్సిన వేళకు ఇవ్వకపోవడం కూడా ఉన్నాయి. అంటే ఆ కఠినుడి దృష్టిలో ఎగ్గొట్టడమూ జాప్యమూ దొంగతనం వరసలోనివే. ఆయన బాధ రాజు బొక్కసం గురించే, దీనుల గురించి కాదని నాకు తెలుసు. అయినా లెక్క తెలిసినవాడు కాబట్టి అంత దూరం చూడగలిగాడు.

మన కాలపు లెక్కకు ఆ చూపు ఎందుకు లేదు? ఇవ్వాల్సింది అన్న మాట దగ్గరే చిక్కు ఉందనుకుంటాను. 1951 శరణార్థుల ఒడంబడిక 23వ అధికరణం చట్టబద్ధంగా ఉంటున్న శరణార్థుల్ని ప్రభుత్వ సహాయంలో సొంత పౌరులతో సమానంగా చూడాలంటుంది. కాగితం మీద అది హక్కు. కానీ ఐరాస శరణార్థి సంస్థ బడ్జెట్ దాదాపు అంతా దేశాలూ దాతలూ ఇష్టపడి ఇచ్చే విరాళాలే. హక్కును విరాళంతో నడపడమంటే ఏమిటి? దానమైతే లెక్క అడిగే అధికారం ఇచ్చినవాడిది. బాకీ అయితే అది పుచ్చుకునేవాడిది. శిబిరంలో బతికేవాడు ఈ రెండింటి మధ్యా ఇరుక్కున్నాడు, అతనికి దక్కింది బాకీ అనే పేరూ, దానమనే తీరూ.

2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు పారిపోయి వచ్చారు. పని చేసుకోవడానికి అనుమతి లేదు, కాబట్టి రేషనే ఆధారం. తలకు నెలకు 12 డాలర్లు ఉండేది. 2023 మార్చిలో 10 అయింది, జూన్‌లో 8 అయింది. నిధులు చాలలేదు. 2024లో మళ్ళీ మెల్లగా పెంచారు. ఆ తగ్గించిన నెలలకు ఆడిట్ చేస్తే ఏం దొరుకుతుంది? ఏమీ దొరకదు. వచ్చిన సొమ్ము వచ్చినట్టు, నిబంధన ప్రకారం, వేలిముద్ర వేయించుకుని పంచారు. అభ్యంతరం లేదు. రోజుకు పావు డాలరు మీద కాస్త ఎక్కువతో మనిషి బతకాలన్న విషయంలో కూడా అభ్యంతరం లేదు.

2025లో ఈ వైచిత్రి పరాకాష్ఠకు చేరింది. జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపివేసింది. వృథా, మోసం అన్న మాటలు దాన్ని సమర్థించే వాదనలో పదేపదే వినిపించాయి. ఫిబ్రవరి 10న యూఎస్‌ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. ఈ నిలిపివేత వల్లా, సిబ్బందిని ఇళ్ళకు పంపడం వల్లా 48.9 కోట్ల డాలర్ల ఆహారం రేవుల్లో, దారిలో, గోదాముల్లో పాడయ్యే, పక్కదారి పట్టే ప్రమాదంలో ఉందని, ఖర్చు కాని నిధుల మీద కాపలా కూడా సడలిందని అందులో రాశారు. ఆపడం వల్ల కూడా నష్టం ఉంటుందని ఒక అధికారిక ఆడిటర్ అంకె వేసి చెప్పడం అరుదు. మర్నాడు ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇక కాపలాకు సాక్ష్యంగా మారిన శరీరం సంగతి. జోర్డాన్‌లోని జాతారీ శిబిరంలో 2016లో సిరియా శరణార్థులు కిరాణా దుకాణంలో కార్డు బదులు కన్ను చూపించి సరుకు తీసుకోవడం మొదలుపెట్టారు. దొంగ కార్డుల బెడద తగ్గింది, నిజమే. కానీ కెన్యాలో కరువు రోజుల్లో దేశపౌరులే కొందరు తిండి కోసం దాదాబ్ శిబిరాల్లో శరణార్థులుగా నమోదయ్యారు. ఏళ్ళ తర్వాత వాళ్ళు గుర్తింపు కార్డు కోసం వెళితే, నీ వేలిముద్ర శరణార్థుల జాబితాలో ఉంది, నువ్వు ఈ దేశం మనిషివి కావన్నారు. వేలమంది సొంత ఊళ్ళో పరాయివాళ్ళయ్యారు. లెక్కల పుస్తకంలో వాళ్ళు మోసగాళ్ళు. ఆకలేసిన పిల్లాడు పొరుగువాడి బంతిలో కూచుంటే అది మోసమా? కాక్స్ బజార్‌లో సేకరించిన రోహింగ్యాల వివరాల్ని బంగ్లాదేశ్ ప్రభుత్వం, వాళ్ళు ఎవరి నుంచి పారిపోయి వచ్చారో ఆ మయన్మార్‌కే అందించిందని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. అనుమతి తీసుకునే చేశామని ఐరాస శరణార్థి సంస్థ అంది. రేషన్ కావాలంటే వేలు పెట్టాల్సిన చోట అనుమతి అన్న మాటకు ఎంత బరువుంటుందో చదివేవాళ్ళే తూచుకోవాలి.

పుచ్చుకునేవాడే లెక్క అడిగే ప్రయోగం ఒకటి మన దగ్గర జరిగింది. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. ఇంటింటికీ వెళ్ళి, మస్టర్‌లో నీ పేరున ఇన్ని రోజులు పడ్డాయి, నువ్వు చేశావా, డబ్బు ముట్టిందా అని అడిగి, చివర మండల కేంద్రంలో అందరి ఎదుటా చదివేవారు. తేలిన సొమ్ములో వసూలైంది తక్కువేనన్న విమర్శ ఉంది, న్యాయమైనదే. కానీ కూలి మనిషి అధికారి వైపు వేలు చూపించి, నాకు రాలేదు అనగలిగింది. శిబిరంలో ఇది సాధ్యమా? ఫిర్యాదు పెట్టెలున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి. కాక్స్ బజార్ బ్లాకుల్లో మాఝీలనే పెత్తందార్లున్నారు. 2017లో బంగ్లాదేశ్ సైన్యం నియమించిన ఆ వ్యవస్థ మీద అవినీతి ఆరోపణలు కొత్తవి కావు. మాఝీ మీద ఫిర్యాదు రాసినవాడు సాయంత్రానికి అదే బ్లాకుకు తిరిగి వెళ్ళాలి. మన కూలీకి ఓటుంది, ఊరుంది, చట్టముంది. హక్కులుండాలంటే ముందు ఒక రాజకీయ సమాజంలో చోటుండాలని, స్వయంగా దేశం పోగొట్టుకున్న రాజకీయ తాత్త్వికురాలు హన్నా ఆరెంట్ 1951లోనే వాదించింది. ఓటు లేనివాడికి లెక్క చెప్పే పద్ధతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదంటే, అది చేతకాకనా, అవసరం లేకనా?

సాయం ఆపే అధికారం దాతల దగ్గర ఉంటుంది, కొన్నిసార్లు ఆపక తప్పదు కూడా. కానీ ఆపే ఉత్తర్వు మీద ఎంతమందికి, ఎన్ని రోజులు తిండి ఆగుతుంది, ఆలోగా వాళ్ళేం తింటారు అన్న మూడు అంకెలూ రాసి, ఆ కింద ఒక మనిషి పేరుతో సంతకం చేయాలి. పడవవాడి రసీదు లేదని అభ్యంతరం రాసే ఆడిటర్లకు ఒక్క మనవి. ఆ సంతకం లేని ఉత్తర్వు కనిపిస్తే మీ అభ్యంతరాల జాబితాలో దాన్ని మొదటి అంశంగా రాయండి.