ఆటబల్ల

మా మనుమనికి బల్ల యొకటి స్వయముగా చేయవలెనని క్రిందటి వేసవిలో నాకు బుద్ధి పుట్టినది. అంగడిలో దొరకెడు బల్లలకు రంగులు మెండు, దార్ఢ్యము తక్కువ. పైగా, ఊరకున్న వృద్ధుడు అందఱికిని వేదాంతము చెప్పుచు గూర్చుండుటకంటె రంపము పట్టుకొనుటయే యింటివారికి మేలని నా యభిప్రాయము. అటుకమీద బడియున్న పాత టేకు తలుపురెక్కను దింపి, చిత్రిక పట్టి, పద్దెనిమిదంగుళముల యెత్తున నాలుగు కాళ్లు కోసి బిగించితిని. ఫ్రోబెల్ పండితుని శిశుపాఠశాలలలో బల్లలపై అంగుళము మేర గళ్లు గీయబడియుండెడివని చదివినవాడను గావున, నేనును గళ్లు గీసి, వానిలో గచ్చకాయలు పేర్చుచు బాలుడు లెక్కలు నేర్చుకొనునని లోలోపల మురిసితిని. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగిన మారియా మాంటిస్సోరి, అంతకు బూర్వము 1907లో రోము నగరమున దెరచిన బాలగృహమునకై, పిల్లలు తామే మోసికొనిపోదగినంత తేలికయైన బల్లలు చేయించినది. ఆ సంగతి మాత్రము నేను మఱచితిని. టేకు బరువు.

వాడు వచ్చి, చూచి, నాచేతనే దానిని తలక్రిందులు చేయించి, నాలుగు కాళ్ల నడుమ గూర్చుండి, “తాతయ్యా, పడవ కదులుతోంది, ఎక్కు!” అనెను. నా గళ్లు నేలపాలైనవి.

ఆ సాయంకాలము బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయము, మొదటి పాదము జ్ఞప్తికి వచ్చినది. ఆప్తకాముడైన యీశ్వరునకు సృష్టివలన సాధింపవలసిన ప్రయోజనమేమి? ఉన్నచో నాతనికి కొఱత యున్నట్లగును. లేనిచో నున్మత్తునివలె బ్రవర్తించినట్లగును. ఈ శంకకు సూత్రకారుడు లీల యని సమాధానమిచ్చెను. శంకర భగవత్పాదులు సర్వసంపన్నుడైన రాజు విహారమును, అప్రయత్నముగ సాగు నుచ్ఛ్వాసనిశ్శ్వాసములను దృష్టాంతములుగ జూపిరి. ఈ పాఠమును బలుమాఱులు విన్నవాడనే కాని, ఈశ్వరుడనగానే నా మనస్సున మెదలునది నైయాయికుల కుమ్మరియే: పరమాణువులు సిద్ధముగ నుండగా, ఇది యిందుకొఱకని సంకల్పించి, ఆ సంకల్పము చెడకుండ గాచుకొను పనివాడు. నిజము చెప్పవలెనన్న, నా రూపమునే యీశ్వరునకు దొడిగితిని. లీల యను మాటకు దగినవాడు రంపము పట్టిన తాతయా, పడవ యెక్కిన మనుమడా యని యెవ్వరైన నడిగినచో, ఆ దినమున నేను తడువుకొనకయే చెప్పియుందును.

మఱునాడు తడువుకొనవలసివచ్చినది. పడవ నొక ప్రక్క కెత్తబోయి వాడు చిటికెనవ్రేలు నలుగగొట్టుకొనెను. ఏడ్చుచున్న బిడ్డయెదుట లీల యను సాహసము ఎంత వేదాంతికైనను గలుగదు. అందుచేతనే కాబోలు, ఆ వెంటనే వచ్చు సూత్రమున వైషమ్య నైర్ఘృణ్య దోషముల నాశంకించి, ప్రాణుల కర్మను బట్టియే యీశ్వరుడు ఫలమిచ్చునని సూత్రకారుడు చెప్పవలసివచ్చినది. ఆ సమాధానము తర్కమునకు జాలును, వ్రేలికి జాలదు. అయిదేండ్లవాని పూర్వకర్మకంటె, అంచును నునుపు చేయక విడిచిన నా సోమరితనమే నాకు స్పష్టముగ గనబడినది. ఈ యంశమున నాకు భాష్యముతో నింకను బేచీ తీఱలేదు.

వ్రేలికి తడిగుడ్డ చుట్టించుకొని, ఏడ్పు పూర్తిగా నాగకముందే వాడు మరల పడవ యెక్కెను. ఆ బల్ల యిప్పటికిని మా వసారాలో వెల్లకిల బడియున్నది. అంచు మాత్రము సరిచేసితిని. దాని కాళ్లలో నొకటి అర అంగుళము కుఱుచయని నాకు దప్ప నింటిలో నెవ్వరికిని నింతవఱకు దెలియదు.